హెస్టర్ అత్త ఎరగని ఏడో మాట

పీపా తెరవడానికి హెస్టర్ అత్తకు ఆరు మాటలు ఉండేవి. వాటిలో "తెరవడం" లేదు. తలుపు తెరుస్తాం, కిటికీ తెరుస్తాం, పీపాను తెరవడమేమిటి అనేది.

శీతకాలంలో ఆపిల్ కల్లు పీపా లోపల బుసబుసలాడుతున్నప్పుడు పైనున్న కొయ్య బిరడాను వెంట్రుకవాసి సడలిస్తే అది "కదపడం". పక్కన సన్నటి రంధ్రంలో దిగగొట్టిన చీలను తిప్పి గాలి వదిలితే "ఊపిరి తీయించడం". గడ్డి కోతల వేళ పొలానికి పంపే మట్టి జాడీల బిరడా లాగడం "నోరు విప్పించడం". కుళాయికి పిప్పి అడ్డుపడితే బాతు ఈకతో "గొంతు కెలకడం". ఖాళీ పీపాను కడగడానికి ముందు గుండ్రటి మూత పలక ఊడదీయడం "తల దించడం". ఒక మాట బదులు ఇంకో మాట వాడితే ఆమె ఊరుకునేది కాదు. "ఊపిరి తీయించమన్నాను, కదపమన్నానా? చెవులు గానుగలో పెట్టి వచ్చావా?" అనేది.

ఆరోది తొలిపోటు. శీతకాలమంతా మూతపడి ఉన్న నిండు పీపాకు మొదటిసారి కుళాయి దిగగొట్టడం. మా సోమర్సెట్ వైపు ఏప్రిల్లో కోకిల కూసేదాకా ఎవరూ తొలిపోటు వేయరు. కోకిల కూసిన రోజు పనివాళ్ళంతా కల్లుకొట్టంలో చేరతారు. కుళాయి మొనను పీపా ముందువైపు అడుగునున్న చిన్న బిరడాకు ఆనించి, కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. బిరడా లోపలికి పోవాలి, ఆ చోట కుళాయి కూర్చోవాలి, ఈ రెండింటి మధ్య చుక్క కింద పడకూడదు. రెండో దెబ్బ వేస్తే కల్లు మోకాళ్ళ మీదికి చిమ్ముతుంది, ఏడాదంతా నవ్వుతారు.

హెస్టర్ అత్త మా తాత క్లెమ్‌కు అక్క. నాన్నకు మేనత్త కాబట్టి ఆయన "అత్తా" అంటుంటే మేమూ అలాగే పిలిచేవాళ్ళం. నెదర్‌హేలో లాక్స్‌టన్ గారి తోటలో ఇరవై మూడు పీపాలకు ఆమె కాపు. ఆమెకు ముందు ఆమె తండ్రి కాపు. ఆయన పోయేముందు కల్లుకొట్టం తాళంచెవిని కొడుకు క్లెమ్ చేతిలో కాక కూతురి చేతిలో పెట్టాడు. క్లెమ్‌కు అప్పుడు ఇరవై రెండేళ్ళు, పెళ్ళయింది, ఆపిల్ పిండే గానుగలో పని చేస్తున్నాడు. "వాడికి చెయ్యి ఉంది గానీ చెవి లేదు. పీపా ఏం చెబుతోందో దీనికి వినిపిస్తుంది" అన్నాడట తండ్రి. ఆ రోజు క్లెమ్ తిరిగి గానుగ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంకేం చేస్తాడు అని మా డోర్కస్ నాయనమ్మ అనేది.

తాళంచెవి తీసుకున్న రోజున హెస్టర్ అత్త గానుగ మనుషులతో ఒక ఒప్పందం చేసుకుంది. పీపాకు చుట్టూ ఉండే ఇనప కట్లు మగవాళ్ళవి. సడలితే వాళ్ళే సుత్తితో తట్టి బిగించాలి, తుప్పు పడితే వాళ్ళే మార్చాలి. అందుకు వాళ్ళు కొట్టంలోకి వచ్చిపోవచ్చు. బిరడా, చీల, కుళాయి ఆమెవి. "కట్టు మీద నేను చెయ్యి వెయ్యను, బిరడా మీద మీరు వెయ్యొద్దు" అంది. దానికి అందరూ చేతిలో ఉమ్మి వేసుకుని చేతులు కలిపారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె ఒక్క కట్టునూ ముట్టలేదు. వాళ్ళు ఒక్క బిరడానూ ముట్టలేదు.

తర్వాత ఒక వసంతంలో మూడు పీపాల్లో కల్లు తక్కువగా వచ్చింది. తొలిపోటుకు ముందు ఆమె విల్లో పుల్ల దించి చూస్తే బెత్తెడు ఖాళీ ఉంది. పీపాలో ఖాళీ ఉంటే అక్కడ గాలి చేరుతుంది, గాలి చేరితే కల్లు కాస్తా పులిసి వెనిగర్ అవుతుంది. ఆ మూడూ పులిశాయి. బిరడా సరిగ్గా కూర్చోక ఆవిరైపోయి ఉంటుందని అందరూ అన్నారు, ఆమె కూడా అదే అనుకుంది. మరుసటి ఏడాది నాలుగు తగ్గాయి. ఆ పై ఏడు మళ్ళీ మూడు.

ఇలా పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో హెస్టర్ అత్త తన చేతుల మీద నమ్మకం కొంచెం కొంచెంగా పోగొట్టుకుంది. బిరడా దిగగొట్టాక మళ్ళీ వెళ్ళి చూసేది. తాళం వేసి ఇంటికి వచ్చాక, మళ్ళీ బూట్లు తొడుక్కుని వెళ్ళి ఇంకోసారి చూసేది. బిరడా కింద గుడ్డ రెండు మడతలు వేసింది, మూడు వేసింది. తేనెమైనం పూసింది. ఎన్ని చేసినా వసంతం వచ్చేసరికి పుల్ల అబద్ధం చెప్పేది కాదు. పిల్లల తలంటడం మానేసింది, చేతిలో బలం చాలక జారవిడుస్తానేమో అని. పెళ్ళిళ్ళకు రొట్టె పిండి పిసకడానికి పిలిస్తే, చేతులు బాగోలేవు అని వెళ్ళేది కాదు. యాభై ఎనిమిదేళ్ళకే ముసలిదాన్నయ్యాను అనుకుంది.

ప్రతి ఆదివారం చర్చి అయ్యాక క్లెమ్ బాతు కొవ్వు డబ్బా తీసుకుని అక్క ఇంటికి వచ్చేవాడు. పొయ్యి దగ్గర కూర్చుని ఆమె మణికట్లకు కొవ్వు రాసి, బొటనవేలితో నెమ్మదిగా రుద్దేవాడు.

"ఈ వేలు కింద నరం బిగుసుకుందక్కా."

"నాకు నొప్పేం లేదే."

"నొప్పి తెలియకుండానే బలం పోతుంది. నాన్నకూ అంతేగా చివర్లో."

తండ్రికి అలా అయినట్టు ఆమెకు గుర్తు లేదు. కానీ తమ్ముడు చెప్పాడు కాబట్టి అయ్యే ఉంటుందనుకుంది. శీతకాలం సాయంత్రాల్లో కూర్చుని ఏడాదికి సరిపడా చీలలు చెక్కిపెట్టేది కూడా క్లెమ్మే. చిన్నప్పటి నుంచీ అంతే. అతనిది ఎడమచేతి వాటం. అతని చీలల మీద కత్తి గీతలు కుడి నుంచి ఎడమకు వాలి ఉండేవి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఎనిమిదో ఏడు, మార్చి నెల మొదట్లో ఆమె లాక్స్‌టన్ గారి దగ్గరికి తనంత తానే వెళ్ళింది. మెత్తని మనిషి ఆయన. కూర్చోమన్నాడు. ఆమె నిలబడే చెప్పింది.

"అయ్యగారూ, ఈసారి తొలిపోటు అయ్యాక తాళంచెవి క్లెమ్‌కి ఇచ్చెయ్యండి."

"ఎవరైనా ఏమన్నా అన్నారా హెస్టర్?"

"ఎవరూ అనలేదు. పీపాలే చెబుతున్నాయి."

ఆయన కిటికీలోంచి తోట వైపు చూసి, "మీ నాన్నను మా నాన్న ఎంత నమ్మాడో, నిన్ను నేను అంతే నమ్మాను" అన్నాడు. పొగడాలనే అన్నాడు పాపం. ఆ మాట ఆమెను వారం రోజులు తిననివ్వలేదు.

సరిగ్గా ఆ వారమే మా ఊరికి మాటల పంతులు వచ్చాడు. అసలు పేరు ఫెన్. ఏదో విశ్వవిద్యాలయం నుంచి సైకిల్ మీద, వీపుకు సంచీ, చేతిలో లావుపాటి ప్రశ్నల పుస్తకంతో వచ్చాడు. పల్లెల్లో ముసలివాళ్ళు పనిముట్లను, పనులను ఏమని పిలుస్తారో రాసుకుంటున్నానని చెప్పాడు. ముందు ఊళ్ళో నవ్వారు. మాటలు ఊరికే దొరుకుతాయి కదా, వాటి కోసం సైకిల్ తొక్కడమెందుకని. తర్వాత ఒక్కొక్కరే దువ్వుకుని, మంచి కోటు వేసుకుని, తమ వంతు కోసం చూడటం మొదలుపెట్టారు.

హెస్టర్ అత్త వంటింట్లో అతను రెండు గంటలు కూర్చున్నాడు. ఆమె కల్లు పోయలేదు, టీ ఇచ్చింది.

"పీపాను మొదటిసారి తెరవడాన్ని మీరు ఏమంటారండీ?"

"తెరవడం అనకూడదు బాబూ. తొలిపోటు."

"మరి గాలి కోసం కాస్త వదులు చేస్తే?"

"ఎక్కడ? పైనా, పక్కనా?"

అతను తలెత్తి చూశాడు. ఈ ప్రశ్నకు ఎదురు ప్రశ్న వేసిన వాళ్ళు అంతవరకూ లేరట. ఆమె ఒక్కొక్కటీ చేత్తో చేసి చూపించింది, టీ కెటిల్‌నే పీపా అనుకుని. అతను ఆరూ రాసుకున్నాడు. "ఒకే పనికి ఆరు మాటలు ఏ ఊళ్ళోనూ దొరకలేదండీ. మీ పేరుతో సహా అచ్చు వేస్తాం" అన్నాడు. అతను వెళ్ళాక ఆమె ఆ కెటిల్‌ను తోమి తోమి మెరిపించిందని డోర్కస్ నాయనమ్మ చెప్పేది. చేతులు పోయినా మాటలు మిగిలాయి అనుకుని ఉంటుంది.

రెండో రోజు ఫెన్ గానుగ దగ్గర బల్ల మీద మగవాళ్ళతో కూర్చున్నాడు. క్లెమ్ ఉన్నాడు, ముసలి పెర్సీ ఉన్నాడు, ఇంకో ఇద్దరు. అక్కడ టీ లేదు.

"మీ అక్కగారు ఆరు చెప్పారు" అన్నాడు ఫెన్, ఊరికే.

"ఆరేనా?" అన్నాడు క్లెమ్.

పెర్సీ అతని కాలు తొక్కాడట. కానీ చదువుకున్న మనిషి పుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కుకుని, తన నోటి కోసం ఎదురుచూడటం క్లెమ్‌కు జీవితంలో అదే మొదటిసారి. తాళంచెవి అక్కకు వెళ్ళింది. చెవి ఉందన్న పేరూ అక్కకే వెళ్ళింది. ఇప్పుడు పుస్తకంలో పేరు కూడా ఆమెకేనా?

"ఏడోది ఒకటుంది. రాసుకోండి. ఆడవాళ్ళకి తెలీదు" అన్నాడు.

ఫెన్ పద్ధతిగల మనిషి. ఒకరు చెప్పిన మాటను ఇంకొకరి దగ్గర సరిచూసుకోకుండా ఊరు దాటడు. మూడో రోజు మధ్యాహ్నం సైకిల్ తిప్పుకుని మళ్ళీ హెస్టర్ అత్త గుమ్మం ముందు దిగాడు.

"ఒక చిన్న సందేహమండీ. మీ తమ్ముడు ఇంకో మాట చెప్పారు. పిడుదు పెట్టడం. మీరూ వాడతారా అని."

"పిడుదు గొర్రెకి పడుతుంది. పీపాకేమిటి?"

"అదే అడిగాను నేనూ. రాసుకున్నది చదువుతాను." పుస్తకం తిప్పాడు. "పీపా ఇనప కట్టును కొద్దిగా పక్కకు తట్టి, కట్టు ఉండే చోట సన్న బరమాతో తొలిచి, గడ్డిపోచతో కల్లు పీల్చుకుని, చీల కొట్టి, పైకి కనబడకుండా చీలను కోసేసి, కట్టును మళ్ళీ దాని మీదికి దించడం. గొర్రె బొచ్చు కింద పిడుదు దాక్కున్నట్టు. బాగుంది కదండీ పోలిక?"

హెస్టర్ అత్త తలుపు చెక్క పట్టుకుంది.

"ఇంకోసారి చదవండి."

అతను చదివాడు.

"ఈ మాట ఎంతమందికి తెలుసన్నారు?"

"బల్ల దగ్గర అందరికీ తెలుసు. పెర్సీ గారైతే చెవి గోక్కున్నట్టు ఒక సైగ కూడా ఉందని చూపించారు." అప్పుడు ఆమె ముఖం చూసి పుస్తకం మూశాడు. "ఏమైనా తప్పుగా అడిగానా?"

"లేదు బాబూ. నేను వాడను ఆ మాట. అలాగే రాసుకోండి."

ముప్పై మూడేళ్ళుగా తాళంచెవి ఆమె నడుముకే ఉంది. ఆ కొట్టంలో వంగితే ఒక మాట, లేస్తే ఒక మాట. అందులో తాను వినని మాట ఉండటం ఒక ఎత్తు. దానికి సైగ కూడా ఉంది. ఒకసారి జరిగిన పనికి ఎవరూ పేరు పెట్టరు. పేరు పెట్టి, సైగ కట్టి, వాడి వాడి అరగదీసిన మాట అది.

ఆ సాయంత్రం వెలుగుండగానే ఆమె కొట్టంలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. గోడకు వేలాడే కట్టు సుత్తిని అంతవరకు ఆమె ముట్టలేదు. తలుపు పక్కనున్న పీపాను ఎంచుకుంది, గత ఏడాది పులిసినవాటిలో అదొకటి. పైబిరడా పక్కనున్న కట్టు మీద ఇనప ముక్క ఆనించి, మెల్లగా చుట్టూ తట్టింది. కట్టు వేలెడు జరిగింది. దాని కింద చెక్క తడిగా, నల్లగా ఉంది. ఆ నలుపులో గుండ్రటి మచ్చలు ఐదు. నాలుగు పలకతో పాటే నల్లబడ్డాయి. ఒకటి మాత్రం తెల్లగా ఉంది, కొత్తది. ఈ శీతకాలపుది.

పట్టకారుతో దాన్ని పీకింది. కల్లు అప్పటికే దాని కిందికి దిగిపోయింది కాబట్టి చుక్క రాలేదు. వాసన మాత్రం వచ్చింది. ఏప్రను జేబులోంచి తన చీల ఒకటి తీసి, పీకినదాన్ని పక్కన పెట్టి, కిటికీ దగ్గర పట్టుకుంది. రెండింటి మీదా కత్తి గీతలు కుడి నుంచి ఎడమకు వాలి ఉన్నాయి.

ఆ రంధ్రంలో తన చీల కొట్టి, కట్టు మళ్ళీ దాని చోటికి దించింది. మిగతా పీపాల్లో ఎన్నింటిని చూసిందో ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం క్లెమ్ ఎప్పటిలాగే బాతు కొవ్వు తీసుకుని వచ్చాడు. ఆమె అప్పటికే పొయ్యి దగ్గర చేతులు చాపి కూర్చుంది. అతను రుద్దటం మొదలుపెట్టాడు. ఈ సంగతి నాకు అత్తే చెప్పింది, ఎనభై దాటాక, ఒకే ఒక్కసారి.

"క్లెమ్, నా చేతులు ఎలా ఉన్నాయిరా?"

"ఉన్నట్టే ఉన్నాయి."

"చూసి చెప్పు. పదకొండేళ్ళుగా నువ్వే కదా పట్టి చూస్తున్నావు. నిజంగా పోయాయా?"

అతను మణికట్టు తిప్పి చూశాడు. బొటనవేలితో నొక్కాడు. అప్పుడు నిజం చెప్పి ఉంటే నేను ఏమీ అనేదాన్ని కాదు అంది అత్త. తాళంచెవి కూడా ఇచ్చేసేదాన్నే, ఇద్దరం నవ్వుకునేవాళ్ళమేమో కూడా అంది.

"పట్టు తగ్గిందక్కా. ఏం చేస్తాం, వయసు. కొట్టం నేను చూసుకుంటాగా, నువ్వు హాయిగా కూర్చో."

"సరే" అంది ఆమె. రెండో చెయ్యి కూడా ఇచ్చింది. అతను దాన్నీ రుద్దాడు.

ఆ ఏడాది కోకిల ఆలస్యంగా, ఏప్రిల్ ఇరవై దాటాక కూసింది. మా నాయనమ్మ బట్టలు ఆరేస్తూ విన్నది. మధ్యాహ్నానికి అందరూ కొట్టంలో చేరారు. లాక్స్‌టన్ గారు తాళంచెవి చేతులు మారేటప్పుడు చెప్పాల్సిన నాలుగు మాటలు కాగితం మీద రాసుకొచ్చాడు. క్లెమ్ పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు. పెర్సీ గోడకు ఆనుకుని అప్పుడే గ్లాసు తుడుచుకుంటున్నాడు.

"ఏంటి హెస్టరక్కా, ఈసారన్నా ఒక్క దెబ్బతో అవుతుందా, గొడుగు తెచ్చుకోమంటావా?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది. తలుపు పక్కనున్న పీపా దగ్గరికి వెళ్ళింది. కుళాయి, కొయ్య సుత్తి కింద బల్ల మీదున్నాయి. వాటిని తీసుకోలేదు. గోడ మీదున్న కట్టు సుత్తి తీసి, పిడి ముందుకు పెట్టి తమ్ముడికి అందించింది.

"కట్టు లేపు."

"ఏంటక్కా?"

"కట్లు మీవి. నేను ముట్టకూడదు. అలా ఒప్పుకున్నాం కదా. తాళంచెవి ఇచ్చేముందు పీపా ఎలా ఉందో అయ్యగారికి చూపించాలి. లేపు."

క్లెమ్ సుత్తి పట్టుకున్నాడు గానీ కదలలేదు. అంతవరకు నవ్వినవాళ్ళు బూట్లు చూసుకోవడం మొదలుపెట్టారు.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు, చిన్నగా.

"ఇంట్లో ఆదివారం అడిగాను."

పెర్సీ దగ్గాడు. "పోనీలే అక్కా, పండగపూట…"

"నువ్వు చెవి గోక్కో పెర్సీ."

పెర్సీ ముఖం ఇటుక రంగుకు తిరిగింది. లాక్స్‌టన్ గారికి ఏమీ అర్థం కాక ఒక్కొక్కరి వైపు చూశాడు. ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు. చివరికి క్లెమ్ వంగాడు. కట్టు చుట్టూ తట్టాడు. ఆ పని అతనికి ఎంత అలవాటో చేతులే చెప్పాయి. నాలుగు దెబ్బల్లో కట్టు సరిగ్గా వేలెడు జరిగింది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. లాక్స్‌టన్ గారు వంగి, ఐదు మచ్చల మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత పక్క పీపా వైపు చూశాడు, దాని పక్కదాని వైపు చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

క్లెమ్ అక్క వైపు చూశాడు. "మొదట వేళాకోళానికేనక్కా. నీకు తెలుస్తుందేమో చూద్దామని."

"తెలియలేదు కదా. మరి ఆపలేదేం?"

జవాబు పెర్సీ చెప్పాడు. "ఆపితే పీపాలన్నీ ఒక్కసారిగా నిండుగా వచ్చేవమ్మా. అనుమానం వస్తుందని…" సగంలో అతనికే ఎలాగో అనిపించి ఊరుకున్నాడు.

హెస్టర్ అత్త కుళాయి, కొయ్య సుత్తి తీసుకుని నిండుగా ఉన్న ఇంకో పీపా దగ్గరికి వెళ్ళింది. కుళాయి మొన బిరడాకు ఆనించింది. పదకొండేళ్ళుగా ఆ దెబ్బకు ముందు ఆమె సుత్తిని గాల్లో రెండుసార్లు ఊపి చూసుకునేది. ఈసారి ఊపలేదు. ఒక్క దెబ్బ వేసింది. కుళాయి కూర్చుంది. కింద నేల పొడిగా ఉంది.

మొదటి గ్లాసు లాక్స్‌టన్ గారికి ఇచ్చింది. రెండోది ఆచారం ప్రకారం అన్నిటికన్నా ముసలి ఆపిల్ చెట్టు మొదట్లో పోసి వచ్చింది. మూడోది గానుగ మనుషులది. దాన్ని నింపి పీపా మీద పెట్టింది. ఆ గ్లాసు ఎవరూ తీసుకోలేదు. లాక్స్‌టన్ గారు తాను రాసుకొచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తాళంచెవి నీ దగ్గరే ఉండనీ హెస్టర్. వీళ్ళనేం చెయ్యమంటావో చెప్పు."

"పనిలోంచి తీయకండి. పిల్లలున్నవాళ్ళు." కొయ్య సుత్తిని బల్ల మీద పెట్టింది. "ఇకనుంచి తొలిపోటుకి ముందు అన్ని కట్లూ లేపి చూపించాలి. అందరి ముందూ. వాడే లేపాలి."

క్లెమ్ తాత పంతొమ్మిదేళ్ళు లేపాడు. ప్రతి వసంతం, కోకిల కూసిన రోజున, ఇరవై మూడు పీపాలకు ఒక్కొక్క కట్టూ తట్టి, పక్కకు జరిపి, నిలబడేవాడు. ఆమె చూసి, తల ఊపి, తర్వాతిదాని దగ్గరికి నడిచేది. పీపాలన్నీ నిండుగా వచ్చేవి. ఏడాదిలో ఆ ఒక్క రోజు ఆమె తమ్ముడితో మాట్లాడేది, "లేపు" అని. ఇళ్ళ మధ్య ఒక కంచె తప్ప ఏమీ లేదు. ఇటు మా నాయనమ్మతో కబుర్లు, నాన్నతో వేళాకోళాలు, మాతో పేచీలు అన్నీ ఉండేవి. తాత గదిలోకి వస్తే ఆమె లేచి వెళ్ళిపోయేది కూడా కాదు. ఖాళీ కుర్చీని చూసినట్టు చూసేదంతే.

మచ్చలు బయటపడ్డ తర్వాతి ఆదివారం తాత బాతు కొవ్వు డబ్బాతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడట. ఆమె బల్ల మీద రొట్టె పిండి పిసుకుతోంది, పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి. తలెత్తలేదు. అతను డబ్బా కిటికీ అంచున పెట్టి వెళ్ళాడు. అది అక్కడే ఉండిపోయింది. మేము చిన్నప్పుడు చూసేసరికి మూత తుప్పుపట్టి డబ్బాకు అతుక్కుపోయింది. దుమ్ము దులిపేటప్పుడు ఆమె దాన్ని ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేది.

"పారెయ్యొచ్చుగా అత్తా?" అని అడిగాను ఒకసారి.

"అది నాది కాదు" అంది.

ఫెన్ మాట నిలబెట్టుకున్నాడు. పుస్తకం అచ్చయి వచ్చింది, ఆమెకు ఒక ప్రతి కూడా పంపాడు. దాన్ని ఆమె ఎక్కడ పెట్టిందో మాకు తెలియలేదు. నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కింది అరలో ఇంకో ప్రతి చూశాను. ఆరు మాటల పక్కన ఆరుసార్లు "హెస్టర్ హెంబ్రో, నెదర్‌హే" అని ఉంది. ఏడో మాట పక్కన మా తాత పేరు ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, "పురుషుల మాట. స్త్రీలు వాడరు" అని రాసి ఉంది.

మా ఊళ్ళో ఇప్పటికీ కోకిల కూసిన రోజున, కుళాయి కొట్టేముందు కట్లు లేపి చూపిస్తారు. లాక్స్‌టన్ గారి మనవడు దాన్ని పాతకాలపు ఆచారమనీ, పీపా పలకలకు గాలి తగలడానికనీ వచ్చినవాళ్ళకు చెబుతుంటాడు. కిందటి ఏడాది నేనూ ఆ గుంపులో నిలబడ్డాను. ఎవరో కుర్రపనివాడు తట్టి, కట్టు పక్కకు జరిపాడు. కింద పలక శుభ్రంగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.